అట్ట మీద ఉన్నదంతా

మా ఎదురింటి చిన్నాయన పోయిన సంగతి నాకు మదనపల్లె నుంచి తెలిసింది. ఆయన ఉండేది పుంగనూరులో, నేను ఉండేది కుప్పంలో. మదనపల్లెలో ఒకప్పుడు క్యాసెట్ల అంగడి నడిపిన భాయి మంగళవారం పొద్దున ఫోన్ చేశాడు. హాస్టల్ పిల్లలు పళ్ళేలు పట్టుకుని ఉప్మా కోసం వరసలో నిలబడి ఉన్నారు. "మీ చిన్నాయన లేడు బేటీ" అన్నాడు భాయి. యాడికి పోయినాడు అని అడిగాను. నిజంగానే అడిగాను. "బస్సెక్కి వచ్చెయ్ బేటీ" అన్నాడు భాయి. అప్పుడు నాకు అర్థమైంది.

పాలు పోసే ఆమె పిలిచి పిలిచి, పలక్కపోతే తలుపు తోసి చూసిందట. చాప మీద పక్కకు తిరిగి పడుకున్నవాడు అట్లాగే ఉన్నాడట. ఎవరికి చెప్పాలో వీధిలో వాళ్ళకు తెలియలేదు. ఆయన ఫోన్ తీసి, చివరగా మాట్లాడిన నంబరుకు చేశారు. అది భాయి నంబరు. తర్వాత ఆ ఫోన్ నేను కూడా చూశాను. నా పేరు ఆ వరసలో బాగా కిందుంది. ఆయనతో నేను మాట్లాడి ఇరవై రెండు రోజులైంది.

పిల్లలను వంటామెకు అప్పజెప్పి బస్సెక్కాను. పలమనేరులో మారాలి. గంగవరం దాటేసరికి ఎండ ముదిరింది. కిటికీ పక్క సీటు దొరికింది కానీ బయట ఏం చూశానో ఇప్పుడు గుర్తు చేసుకుందామంటే ఏమీ గుర్తుకు రావడం లేదు. నేను వెళ్ళేసరికి ఆయనను తీసుకుపోవడానికి అంతా సిద్ధమై ఉంది. నా కోసమే ఆపారు. ముఖం చూశాను. కళ్ళు మూసుకుని ఉన్న ఆయన ముఖం నాకు కొత్త. చూపు లేకపోయినా ఆయన ఎప్పుడూ కళ్ళు తెరుచుకునే ఉండేవాడు, నిద్రలో తప్ప. నిద్రపోతున్న చిన్నాయనను నేను ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా చూడలేదు.

ఈయన ఎవరని మీరు అడగవచ్చు. పేపర్లో ఫోటో పడేంత మనిషి కాదు. కుర్చీలు అల్లేవాడు. తొమ్మిదేళ్ళప్పుడు తట్టు పోసి చూపు పోయింది. పేము కుర్చీలు, వైరు కుర్చీలు, నవారు మంచాలు, ఏవి తెచ్చినా వసారాలో కూర్చుని అల్లి ఇచ్చేవాడు. ఆఫీసుల నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి కుర్చీలు వచ్చేవి. పెళ్ళి చేసుకోలేదు. ఆయనా, భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన ఆయన అక్కా ఆ ఇంట్లో ఉండేవారు. ఆమెను నేను అత్తా అనేదాన్ని. మాకు చుట్టరికం ఏమీ లేదు. వీధికి ఈ పక్క మా ఇల్లు, ఆ పక్క వాళ్ళ ఇల్లు, అంతే.

నేను డిగ్రీ పాసై ఇంట్లో ఊరికే కూర్చున్న రోజుల్లో ఆయన నాకు దగ్గరయ్యాడు. ఒకటిన్నర సంవత్సరం అట్లా కూర్చున్నాను. వీధిలో ఎవరు ఎదురుపడినా రెండే ప్రశ్నలు. ఉద్యోగం వచ్చిందా, సంబంధం కుదిరిందా. వాటికి జడిసి నేను గడప దాటడం మానేశాను. ఒకరోజు చిన్నాయన మా వాకిట్లోకి వచ్చి నిలబడి, అమ్మను కాదు, నన్నే పిలిచాడు. "నీకు సదవడానికి టైముందామ్మా?" అని అడిగాడు. ఆ మాట ఎంత మర్యాదగా అడిగాడంటే, నాకేదో పెద్ద పని ఉన్నట్టూ, దాంట్లోంచి కాస్త సమయం ఇమ్మన్నట్టూ ఉంది.

చేతిలో కొత్త క్యాసెట్ ఉంది. పైన పేరు చదివాను. సంగీతం ఎవరు, పాడింది ఎవరు, ఏ పక్కన ఏ పాటలు, అన్నీ చదివి ఆపాను. "అయిపోయిందా?" అన్నాడు. మిగతాది కంపెనీ అడ్రసని చెప్పాను. "అది గూడా సదువు. అచ్చేసినోడు ఊరికే ఏసుంటాడా? అట్ట మీద ఉండేదంతా సదువు."

చదివాను. మద్రాసులో ఆ కంపెనీ ఏ వీధిలో ఉందో చదివాను. కాపీ చేయడం నేరమని, ఎండ తగిలే చోట ఉంచవద్దని, వెల ఇంత అని, చివరికి అట్ట ఎక్కడ ముద్రించారో ఆ చీమకాళ్ళంత అక్షరాలు కూడా చదివాను. ఆయన తలవంచుకుని, ఎవరో ఉత్తరం రాస్తే వింటున్నట్టు విన్నాడు. అప్పుడు నాకు నవ్వొచ్చింది. కానీ ఆ రోజు సాయంత్రం, చాలా నెలల తర్వాత, నేను ఒక పని చేశానని అనిపించింది.

చదవడం అయ్యాక ఆయన పని మొదలయ్యేది. బ్లేడుతో డబ్బా అంచున గాట్లు పెట్టేవాడు. దేవుడి పాటలకు ఒకటి, సినిమా పాటలకు రెండు, సినిమా మాటలకు మూడు. ఆ కాలంలో సినిమా మొత్తం, మాటలతో సహా, రెండు మూడు క్యాసెట్లలో వచ్చేది. వాటినే ఆయన ఎక్కువగా కొనేవాడు. అలమారలో ఏది ఎక్కడుందో వేళ్ళతో తడిమి తీసేవాడు. చెవి దగ్గర ఊపి, లోపల స్పాంజి ఊడిపోయిందో లేదో చెప్పేవాడు. "నిన్న ఆ సినిమా మళ్ళీ చూసినా" అనేవాడు. విన్నాను అని ఒక్కసారి కూడా అనలేదు.

నెలలో ఒక ఆదివారం మదనపల్లెకు వెళ్ళేవాళ్ళం. అంతకుముందు అత్త తీసుకెళ్ళేది, తర్వాత నేను. బస్సు దిగి నడిచేటప్పుడు ఆయన నా భుజం పట్టుకునేవాడు కాదు. పెళ్ళి కావలసిన పిల్లను నలుగురూ ఏమైనా అంటారని ఆయన భయం. చేతిసంచికి ఒక పిడి నేను, రెండో పిడి ఆయన పట్టుకునేవాళ్ళం. ఎదురుగా గుంత వస్తే నేను సంచిని కొంచెం పైకి లేపేదాన్ని. ఆయనకు తెలిసిపోయేది.

భాయి అంగడి బస్టాండు వెనక సందులో, ఒక మనిషి చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత ఇరుకుగా ఉండేది. చిన్నాయన కోసం లోపల ఒక స్టూలు వేసేవాడు. నాలుగైదు క్యాసెట్లు కాస్త కాస్త పెట్టి వినిపించేవాడు. వాటిలో చిన్నాయన ఒక్కటే కొనేవాడు. ఇంకొకటి తీసుకోమని నేనన్నా వినేవాడు కాదు. రెండు కొంటే రెండూ సగం సగమే వింటామనేవాడు. ఒకసారి భాయి, ఇన్ని కొనడం ఎందుకు, ఖాళీ క్యాసెట్లో నీకు కావలసినవన్నీ ఎక్కించి ఇస్తాను కదా అన్నాడు. చిన్నాయన ఒప్పుకోలేదు. "అట్ట లేకుంటే ఈ పిల్ల ఏం సదవాల?" అన్నాడు. భాయి నవ్వాడు. నేను కూడా నవ్వాను.

మాటల క్యాసెట్ కొన్న రోజు సాయంత్రం వసారాలో టేపురికార్డరు పెట్టుకుని అందరం కూర్చునేవాళ్ళం. అత్త ఆకుకూర గిల్లుతూ వినేది. మాటలు ఉన్నంతసేపూ చిక్కు లేదు. మాటలు ఆగి, ఉట్టి సంగీతమో తలుపు చప్పుడో వచ్చినప్పుడు చిన్నాయన నావైపు తిరిగేవాడు. మొదటిసారి అట్లా తిరిగి, ఈ సినిమా నువ్వు చూసినావా అని అడిగాడు. నేను చూడలేదు. చూడలేదంటే వీధిలో చూసినవాళ్ళను ఎవరినైనా పిలుస్తాడేమోనని, చూశానని చెప్పాను.

అది ఒక ఆడమనిషి ఇల్లు వదిలి వెళ్ళిపోయే ఘట్టం. తలుపు మూసుకుంటుంది, ఆ తర్వాత రెండు నిమిషాలు వయొలిన్లు. ఇప్పుడేం జరుగుతోందని చిన్నాయన అడిగాడు. ఆమె రైల్లో కిటికీ పక్కన కూర్చుందని చెప్పాను. చేతి గాజులు ఒక్కొక్కటే తీసి చిన్న డబ్బాలో పెడుతోందని చెప్పాను. "ఎన్ని గాజులు?" అన్నాడు. నాలుగు అన్నాను. "ఏం రంగు?" ఆకుపచ్చ అన్నాను. ఆయన తల ఊపి మళ్ళీ టేపు వైపు తిరిగాడు. అత్త గిల్లడం ఆపి నన్ను చూసి, మళ్ళీ ఆకు అందుకుంది. ఆ తర్వాత అట్లా ఎన్ని సినిమాలకు ఎన్ని సంగతులు కల్పించి చెప్పానో లెక్కలేదు. వానలు కురిపించాను. పిల్లలకు రంగుల చొక్కాలు తొడిగాను. ఉత్తరాలు చించాను.

తర్వాత నాకు హాస్టల్ వార్డెన్ ఉద్యోగం వచ్చింది. ఊళ్ళు మారి మారి చివరికి కుప్పం చేరాను. హాస్టల్లోనే ఒక గది, మంచం, బీరువా. ఆడపిల్లల హాస్టల్ను వదిలి రావడం తేలిక కాదు. మొదట్లో నెలకోసారి పుంగనూరు వెళ్ళేదాన్ని. మా అమ్మ పోయాక ఆ ఇల్లు అద్దెకిచ్చేశాను. అప్పటి నుంచి రెండు నెలలకో మూడు నెలలకో చిన్నాయన కోసమని వెళ్ళేదాన్ని. ఇంతలో అత్త కూడా పోయింది. ఆయన ఒంటరివాడయ్యాడు. వంట తనే చేసుకునేవాడు. టేపురికార్డరు బెల్టు తెగితే బాగుచేసేవాళ్ళు పుంగనూరులో లేకుండా పోయారు. భాయి అంగట్లో క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి, అవి పోయి మెమరీ కార్డుల్లో పాటలు నింపడం వచ్చింది, అదీ పోయి ఫోన్ కవర్లు, ఫోన్ తెర మీద అంటించే అద్దాలు వచ్చాయి. అమ్ముడుపోని క్యాసెట్లను భాయి అట్టపెట్టెల్లో కట్టి అటక మీదికి తోశాడు.

ఫోన్ కొనిచ్చింది నేనే. ముట్టుకున్నదల్లా పైకి చదివి చెప్పే ఏర్పాటు ఫోన్లో ఉంటుందని మా హాస్టల్లో చూపు తక్కువైన ఒక పిల్ల ద్వారా తెలిసింది. రెండు రోజులు సెలవు పెట్టి వెళ్ళి నేర్పించాను. మొదట ఆయన ఆ అద్దాన్ని అటూ ఇటూ తడిమి విసుక్కున్నాడు. అంతా ఒకటే నున్నన, గుర్తు పెట్టుకోవడానికి ఒక గాటన్నా లేదన్నాడు. వారం తిరగకుండా నాకంటే వేగంగా వాడడం నేర్చుకున్నాడు. నోటితో అడిగితే పాట వచ్చేది. ముప్పై ఏళ్ళుగా వెతికిన పాట ఒకటి దొరికిందని ఫోన్ చేసి, అది మొత్తం నాకు వినిపించాడు.

ఒకరోజు పొద్దున్నే చేశాడు. "పేపరు సదవతాందమ్మా నాకు. ఎవుర్నీ పిలవకుండా, నేనే సదువుకుంటాండా" అన్నాడు. అరవై దాటిన మనిషి గొంతులో అంత సంతోషం నేను అప్పటిదాకా వినలేదు. ఆ ఫోన్‌ను నేను తప్పుపట్టడం లేదు. అది ఆయనకు ఇచ్చినదాన్ని మనుషులెవరూ ఇవ్వలేకపోయాం. బస్సు ఎప్పుడొస్తుందో చెప్పింది. చేతిలో ఉన్నది ఏ నోటో చెప్పింది. ఎవరి దయ కోసమూ ఎదురుచూడనక్కర లేకుండా చేసింది. అయితే ఆయన గొంతులో ఆ సంతోషం విన్నప్పుడు నాకు ఇంకొకటి కూడా అనిపించింది. ఇక నేను అంత తరచుగా వెళ్ళనక్కర లేదని అనిపించింది. నిజం చెప్పాలంటే, తేలికపడ్డాను.

మూడు నెలలకోసారి అన్నది ఆరు నెలలైంది. మధ్యమధ్య ఫోన్ చేసేవాడు. ఆయన మాట్లాడేవన్నీ పాటల సంగతులే. ఎప్పుడైనా చివర్లో, పాత క్యాసెట్ ఒకటి దొరికింది, వచ్చినప్పుడు చదువుదువు అనేవాడు. పేరు చెప్పు, అది ఫోన్లోనే ఉంటుంది, అక్కడే విను అనేదాన్ని. "పాటలకు కాదులేమ్మా" అన్నాడు ఒకసారి. మరి దేనికని నేను అడగలేదు. అవతల పిల్లలెవరో పోట్లాడుకుంటున్నారు, తర్వాత చేస్తానని పెట్టేశాను.

ఒకరోజు కంగారుగా చేశాడు. వారానికోసారైనా వినే పాత సినిమా ఒకటి ఫోన్లో కనపడడం లేదట. "నిన్నటి దాకా ఉన్నింది. ఈ పొద్దు లేదంటాంది. నేనేమన్నా తప్పు నొక్కినానా?" అన్నాడు. ఆయన తప్పేమీ లేదని చెప్పాను. కొంతకాలానికి ఒప్పందం చేసుకుంటారు, గడువు అయిపోతే తీసేస్తారని వివరించాను. "అట్లయితే అది నాది కాదా?" కాదన్నాను, వినడానికి ఇస్తారు అంతే. "అడగకుండా ఇచ్చినారు, చెప్పకుండా తీసకపోయినారు" అన్నాడు. కోపంగా అనలేదు. వీధిలో కొత్తగా చేరి, ఒకనాడు చెప్పకుండా ఖాళీ చేసి వెళ్ళిపోయిన వాళ్ళ గురించి చెప్పినట్టు అన్నాడు.

ఆ మాట విన్న తర్వాత ఒక ఆదివారం నా గదిలో కూర్చుని, మేము మొదటిసారి కలిసి విన్న ఆ సినిమా కోసం ఫోన్లో వెతికాను. దొరికింది. అన్నేళ్ళ తర్వాత మొదటిసారి దాన్ని కళ్ళతో చూశాను. ఆమె తలుపు మూసి వెళ్ళిపోతుంది. రైలు లేదు. గాజులు లేవు. అసలు ఆమె కనపడదు. ఆ రెండు నిమిషాలూ భర్త ఒక్కడే పీట వేసుకుని కూర్చుని అన్నం తింటాడు. వెళ్ళిపోతున్న బస్సు చప్పుడు వినపడుతుంటే ముద్ద చేతిలో పట్టుకుని ఆగుతాడు, మళ్ళీ తింటాడు. నాకు సిగ్గేసింది.

ఆ తర్వాత వెళ్ళినప్పుడు చిన్నాయనకు చెప్పేశాను. ఆ రోజు నేను ఆ సినిమా చూడలేదని, చూశానని అబద్ధం చెప్పానని, చాలా సినిమాలకు అట్లాగే చేశానని చెప్పాను. ఆయన అల్లుతున్న వైరు వదలకుండా నవ్వాడు.

"తెలుసులేమ్మా. బస్సు హారను వినపడతా ఉంటే రైలంటివి."

"మరి అప్పుడే యాల చెప్పలే చిన్నాయనా?"

"సెప్తే నువ్వు ఇంక సెప్పవు గదా."

ఆయనే మళ్ళీ అన్నాడు. ఈ మధ్య ఫోన్లో ఒక కొత్త సినిమా విన్నాడట. మాటలు లేని తావున ఒకామె గొంతు వచ్చి ఏం జరుగుతోందో చెబుతుందట. చూపు లేనివాళ్ళ కోసమే అట్లా చేశారట. "బాగా సెప్తాది. ఉండేది ఉన్నట్టు సెప్తాది" అన్నాడు. ఇంకేమి, మంచిదే కదా అన్నాను. "మంచిదే. ఎన్ని గాజులని అడిగితే మటుకు సెప్పదు."

చివరిసారి నేను వెళ్ళింది ఆయన పోవడానికి నాలుగు నెలల ముందు. మదనపల్లెలో మీటింగు చూసుకుని తిరిగి వచ్చేటప్పుడు, రెండు బస్సుల మధ్య ఒక గంట దొరికితే పుంగనూరులో దిగాను. బల్ల మీద ఎనిమిదో తొమ్మిదో క్యాసెట్లు వరసగా పేర్చి పెట్టి ఉన్నాయి. నా కోసమే పేర్చాడు. ఒక్కొక్కదానికీ పైనున్న ప్లాస్టిక్ సీలు విప్పి చదవడం మొదలుపెట్టాను. నాలుగోది దాటాక గడియారం చూసుకున్నాను. పేరు, సంగీతం, పాటలు, అంతవరకే చదివి పక్కన పెట్టసాగాను. "ఆ కింద చిన్నచ్చరాలు ఉంటాయి గదమ్మా" అన్నాడు. అవి ఉట్టి అడ్రసులే, బస్సు టైమైందన్నాను. ఆయన బల్ల మీద చెయ్యి వేసి, మిగిలినవి ఎన్ని ఉన్నాయో తడిమి చూసుకున్నాడు. "సరేమ్మా, పోయిరా. మళ్ళీ వచ్చినప్పుడు సదువుదువు" అన్నాడు. వీధి చివరి దాకా నాతో నడిచి వచ్చాడు. ఆ రోజు నా దగ్గర ఉన్నది వీపుకు తగిలించుకునే సంచి. దానికి ఆయన పట్టుకోవడానికి పిడి లేదు. కర్ర టకటకలాడిస్తూ పక్కన నడిచాడు.

మంగళవారం మగవాళ్ళు ఆయనను తీసుకుని వెళ్ళాక ఇంట్లో నేను ఒక్కదాన్నే మిగిలాను. వీధి ఆడవాళ్ళు కాసేపు కూర్చుని పిల్లలు బడి నుంచి వచ్చే వేళైందని లేచారు. వాళ్ళను తప్పుపట్టలేను. ఏం చేయాలో తోచక అలమార తెరిచాను. కింది అరల్లో గాట్లు పెట్టిన పాత క్యాసెట్లు ఉన్నాయి. పై అరలో గాట్లు లేనివి. ఒక్కదానికీ సీలు విప్పలేదు. నేను చదవకుండా వదిలేసిన రెండు మూడు వాటిలోనే ఉన్నాయి. మిగిలినవి ఆ తర్వాత కొన్నవి. టేపురికార్డరు పాడై ఏళ్ళవుతోంది. వీటిని ఎందుకు కొన్నాడో నాకు అర్థం కాలేదు.

భాయి శ్మశానం నుంచి తిరిగి వచ్చి, కాళ్ళు కడుక్కుని వసారాలో కూర్చున్నాడు. గడ్డం పూర్తిగా నెరిసింది. మంచినీళ్ళు ఇచ్చి, ఆ అలమార సంగతి అడిగాను. అవి తన అటక మీదివేనని, రెండేళ్ళుగా బస్సెక్కి వచ్చి ఒక్కొక్కటే కొంటున్నాడని చెప్పాడు. నేను అన్నాను, అట్టలు చదివి పెట్టేవాళ్ళు లేక ఇవన్నీ అట్లాగే పడి ఉండిపోయాయి, నేనే రాలేకపోయానని. భాయి నన్ను వింతగా చూశాడు.

"అట్టలు ఫోనే సదవతాది బేటీ. నీకు తెల్దా? నా అంగట్లోనే నేర్చుకున్యాడు. కెమెరా ముందర పెడితే గడగడా సదివేస్తాది, అడ్రసుతో సహా."

భాయి గ్లాసు కింద పెట్టాడు.

"టేపు మిషను లేదు, ఫోనే సదవతా ఉండాది, ఇంక ఇవన్నీ ఏం జేసుకుంటావని నేను గూడా అడిగినా. సీలు తీయొద్దు భాయీ, మా పాప వచ్చి తీసి సదవతాది, అనె."

నేను గోడకు ఆనుకుని చాలాసేపు కూర్చున్నాను. నా చేత ఏదో సాయం చేయించుకుంటున్నట్టు, చదవడానికి టైముందా అని ఆయన మా వాకిట్లో నిలబడిన రోజు నుంచి ఈ రోజు దాకా లెక్క వేసుకుంటే, ఎవరికి ఎవరి అవసరం ఎంత ఉందో నాకు తేలలేదు. ఆయన లేకపోతే ఆ ఒకటిన్నర సంవత్సరం నేను ఏమైపోయి ఉండేదాన్నో తెలియదు. పిలిపించుకోవడం ఎంత గొప్పదో నాకు నేర్పింది ఆయనే. ఆయనకు మాత్రం, ఇక ఎవరినీ పిలవనక్కర లేదని నేర్పించి వచ్చాను. నా ఫోన్లో ఇప్పుడు ఎన్ని లక్షల పాటలు ఉన్నాయో నాకు తెలియదు. ఒకటి అయిపోతే అడగకుండానే ఇంకొకటి వస్తుంది. కుప్పంలో నా గదిలో అవి అట్లా వస్తూ ఉంటాయి. ఇది ఎవరు పాడారని నన్ను అడిగేవాళ్ళు లేరు.

పై అరలోంచి ఒక క్యాసెట్ తీసి, గోటితో సీలు చీల్చాను. పేరు చదివాను. పాటలు, పాడినవాళ్ళు, రెండు పక్కలూ చదివాను. ఆ తర్వాత కళ్ళద్దాలు పైకి జరిపి, అట్టను వెలుతురుకు పట్టుకుని, కింద ఉన్న చిన్న అక్షరాలు కూడా చదివాను. వీధి పేరు, పిన్‌కోడ్ నంబరు, ఎండలో ఉంచవద్దన్న మాట. భాయి తల వంచుకుని విన్నాడు. రెండోది తీశాను కానీ చదవలేకపోయాను. మిగిలినవన్నీ అట్లాగే సీలుతో అట్టపెట్టెలో సర్దాను. భాయి లేచి, మదనపల్లె వస్తే అంగడికి రమ్మని చెప్పి బస్టాండుకు వెళ్ళాడు.

మూడు రోజులు ఆ ఇంట్లోనే ఉన్నాను. మూడో రోజు పొద్దున పెద్దపంజాణి నుంచి ఒక రైతు మోపెడ్ మీద వచ్చి, వాకిట్లో నిలబడి చిన్నాయనను పిలిచాడు. ఆయనకు సంగతి తెలియదు. చెప్పాను. తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. తన కుర్చీ ఉందని, వాళ్ళ నాయన కూర్చునే కుర్చీ అని మెల్లగా అన్నాడు. వసారా మూలన ఉంది. పసుపు వైరు. వీపు వైపు అల్లడం పూర్తయింది, కూర్చునే చోట సగం దాకా వచ్చి ఆగిపోయింది. దీన్ని పూర్తి చేసేవాళ్ళు ఇంకెవరన్నా ఉండారా అని అడిగాడు. నాకు తెలిసి ఎవరూ లేరన్నాను. అట్లయినా ఇవ్వమ్మా అన్నాడు.

ఇద్దరం కలిసి కుర్చీని బయటికి తెచ్చాం. ఆయన దాన్ని మోపెడ్ వెనక తాడుతో కట్టుకుని మెల్లగా బయలుదేరాడు. అల్లకుండా వదిలేసిన వైరు కొసలు కిందికి వేలాడుతూ, వీధి పొడవునా దుమ్ములో సన్నగా గీతలు గీస్తూ పోయాయి.